కేటలాగు కార్డు వెనకవైపు: ఆరు శాఖా గ్రంథాలయాల సిబ్బంది కంప్యూటర్ చిట్కాలు పంచుకోవడం నేర్చుకున్న కేసు

నేపథ్యం

నల్లగొండ, మహబూబ్‌నగర్ పాత ఉమ్మడి జిల్లాలు 2016 అక్టోబరులోనూ, మళ్లీ 2019 ఫిబ్రవరిలోనూ జరిగిన విభజనల తర్వాత ప్రధానంగా ఎనిమిది జిల్లాలయ్యాయి. ఈ కేసు ఆ ఎనిమిదింటిలో ఒకదానికి చెందినది, ఏదన్నది చెప్పను. మనుషుల పేర్లు, మండలాల పేర్లు, జరిగిన సంవత్సరం కూడా వదిలేశాను. ఒకటి రెండు చోట్ల ఇద్దరి అనుభవాన్ని ఒకరిదిగా కలిపి రాశాను, ఎందుకంటే మండల కేంద్రంలో గ్రంథపాలకుడు ఒక్కరే ఉంటారు కాబట్టి ఊరు చెబితే మనిషిని చెప్పినట్టే.

నేను డిగ్రీ కళాశాలలో గ్రంథపాలకుడిగా పనిచేస్తాను. ప్రజా గ్రంథాలయాలతో నాకు ఉద్యోగ సంబంధం లేదు. పరిచయం ఉన్న ఒక అధికారి అడిగినందున ఆరు శాఖా గ్రంథాలయాల సిబ్బందికి కంప్యూటర్ పనిలో తోడుగా ఉండటానికి ఒప్పుకున్నాను. మొత్తం పదకొండు మంది. వారిలో నలుగురు శాశ్వత ఉద్యోగులు, మిగిలినవారు అవుట్‌సోర్సింగ్ మీదో, దినసరి వేతనం మీదో పనిచేసేవారు. రెండు శాఖల్లో ఒక్కరే అన్నీ చూసుకునేవారు: తలుపు తీయడం, పేపర్లు పరచడం, పుస్తకాలు ఇవ్వడం, నెల లెక్కలు రాయడం.

1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వచ్చే సెస్సుతో నడిచే వ్యవస్థ ఇది. దినపత్రికల కోసం వచ్చే పెద్దవారి కోసం ఏర్పడిన అలవాట్లే ఇందులో ఎక్కువ. కానీ ఇప్పుడు పఠన మందిరంలో కూర్చునేవారిలో అధికులు గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ పరీక్షలకు చదివే యువతీయువకులు. వారు పుస్తకం కంటే ముందు అడిగేది వేరు. ఫొటో సైజు ఇన్ని కేబీలకు ఎట్లా తగ్గించాలి, నాలుగు సర్టిఫికెట్లను ఒకే పీడీఎఫ్‌గా ఎట్లా చేయాలి, హాల్ టికెట్ ప్రింటులో సగమే ఎందుకు వస్తున్నది అని అడుగుతారు. ఈ ప్రశ్నలు సిబ్బంది ఉద్యోగ విధుల జాబితాలో ఎక్కడా లేవు, కానీ రోజంతా కౌంటరు దగ్గర వినిపించేవి ఇవే.

సమస్య ఎదురైన తీరు

నన్ను పిలిచింది పాఠకుల ప్రశ్నల కోసం కాదు, ఒక నష్టం జరిగినందుకు. పుస్తకాల వివరాలను అక్సెషన్ రిజిస్టర్ (వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుస సంఖ్యతో రాసే పుస్తకం) నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలో భాగంగా ఒక శాఖలో గ్రంథపాలకుడు దాదాపు ఆరు వందల పుస్తకాల సమాచారాన్ని నెల రోజుల పాటు, సాయంత్రం పూట కూర్చొని, ఒంటి వేలితో ఎక్సెల్‌లో టైపు చేశారు. పుస్తకం గుర్తింపు సంఖ్య అయిన పదమూడు అంకెల ఐఎస్‌బీఎన్ కొట్టగానే అది గడిలో 9.78 పక్కన ఈ ప్లస్ 12 అన్న రూపంలోకి మారిపోయేది. చూపుకే అట్లా ఉందని, లోపల అంకెలు భద్రంగా ఉన్నాయని ఆయన అనుకున్నారు. ఆయన అనుకున్నది అప్పటికి నిజమే. కానీ పై కార్యాలయం సీఎస్‌వీ రూపంలో, అంటే కామాలతో విడదీసిన సాదా అక్షరాల ఫైలుగా పంపమంటే, ఆయన ఫైలును ఆ రూపంలో దాచి, మొదటిది ఇక అక్కర్లేదని తీసేశారు. సీఎస్‌వీలోకి వెళ్లేది గడిలో కనిపించే రూపమే కాబట్టి అన్ని ఐఎస్‌బీఎన్‌ల చివరి అంకెలూ పోయాయి. అక్సెషన్ సంఖ్యల ముందున్న సున్నాలు అంతకుముందే పోయాయి.

నన్ను ఆగి ఆలోచింపజేసిన విషయం మాత్రం ఆ నష్టం కాదు. అక్కడికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న మరో శాఖలో పనిచేసే అవుట్‌సోర్సింగ్ సహాయకురాలికి ఈ సంగతి ఐదు నెలలుగా తెలుసు. టైపు చేయడానికి ముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చుకోవాలని, లేదా అంకెల ముందు ఒక చిన్న అపాస్ట్రఫీ పెట్టాలని ఆమె తనంతట తాను కనిపెట్టుకుంది. నెల లెక్కలు ఇవ్వడానికి వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చునేవారు కూడా. మరి ఎందుకు చెప్పలేదని అడిగితే ఆమె అన్నది: "సార్ పెద్దాయన. నన్ను అడగంది నేనెట్ల చెప్తా?" ఆయన్ను విడిగా అడిగితే వచ్చిన జవాబు: "మా బిడ్డ వయసు పిల్లను నాకిది రాదని ఎట్ల అడగాలె?"

ఈ రెండు మాటలు విన్న తర్వాత సమస్యను నేను వేరుగా రాసుకోవలసింది. అప్పుడు అట్లా రాసుకోలేదు. "సిబ్బందికి కంప్యూటర్ పరిజ్ఞానం తక్కువ" అనే రాసుకున్నాను. ఆ నిర్ధారణ తప్పని తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

మొదటి ప్రయత్నం: శిక్షణ

పరిజ్ఞానం తక్కువ అనుకున్నాను కాబట్టి శిక్షణ పెట్టాను. జిల్లా కేంద్రంలో ఒక రోజు, ప్రొజెక్టర్, మధ్యాహ్న భోజనం, రానుపోను చార్జీలు. ఇట్లాంటి వాటికి అనుమతి సులభంగా దొరుకుతుంది, ఫొటో వస్తుంది, ఫైలు నిండుతుంది. నేను నలభై స్లైడ్లు తయారు చేశాను. కీబోర్డు కిటుకులు, ఎక్సెల్‌లో సంఖ్యలు, పీడీఎఫ్‌లు కలపడం, తెలుగు టైపింగ్, పాస్‌వర్డ్ జాగ్రత్తలు అన్నీ అందులో ఉన్నాయి. ప్రశ్నలున్నాయా అంటే ఎవరూ అడగలేదు. "అర్థమైంది సార్" అన్నారు. మూడు వారాల తర్వాత శాఖలకు వెళ్లి చూస్తే, ఆ రోజు నేర్చుకున్న వాటిలో మరుసటి రోజే అవసరం పడినవి మాత్రమే మిగిలాయి. ఒకామె తన నోట్‌బుక్ తీసి చూపింది. స్లైడ్లలోని మాటలన్నీ పొందికగా రాసుకుంది, కానీ ఆమె శాఖలోని కంప్యూటర్ పాతది కావడంతో నేను చూపిన మెనూ దానిలో ఆ చోట లేదు. నేను నా ల్యాప్‌టాప్‌లో ఉన్నదాన్ని నేర్పాను, వారి బల్ల మీద ఉన్నదాన్ని కాదు.

రెండో ప్రయత్నం: వాట్సాప్ గ్రూపు

శిక్షణ లోపం సమయంలో ఉందని అప్పుడు నాకు తోచింది. ప్రశ్న పుట్టినప్పుడే జవాబు అందాలంటే వాట్సాప్ గ్రూపు సరైనదనుకున్నాను. మొదటి వారం నిజంగానే బాగా సాగింది. ఒకరు ప్రింటర్ ఎర్ర దీపం ఫొటో పెట్టారు, పది నిమిషాల్లో జవాబు వచ్చింది. రెండో వారంలో శుభోదయాలు మొదలయ్యాయి. మూడో వారంలో, గ్రూపు బాగుందని విన్న ఒక పై అధికారిని ఎవరో చేర్చారు. ఆయన ఏమీ అనలేదు, ఒక సర్క్యులర్ పెట్టారు, అంతే. ఆ రోజు నుంచి "నాకు రావడం లేదు" అన్న వాక్యం ఆ గ్రూపులో మళ్లీ కనిపించలేదు. ప్రశ్న అడగడమంటే పది మంది ముందు, అందులోనూ తన పనిని అంచనా వేసేవారి ముందు, తనకు తెలియదని రాతపూర్వకంగా ఒప్పుకోవడం. ఆ సంగతి నాకు ముందే తట్టి ఉండవలసింది.

అంతకంటే పెద్ద దెబ్బ ఒక మంచి చిట్కా వల్ల తగిలింది. పాఠకులు వాడే కంప్యూటర్‌లో ఆధార్ కాపీలు, మెమోలు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడి ఉంటున్నాయి కాబట్టి ప్రతి సాయంత్రం ఆ ఫోల్డర్‌ను ఖాళీ చేయాలని ఒకరు గ్రూపులో రాశారు. సలహాలో తప్పేమీ లేదు. కానీ ఏ కంప్యూటర్‌లో అన్నది రాయలేదు. ఒక శాఖలో అటెండర్ దాన్ని చదివి ఆఫీసు కంప్యూటర్‌లోని డౌన్‌లోడ్స్‌ను ఖాళీ చేసి, రీసైకిల్ బిన్‌ను కూడా శుభ్రం చేశారు. ఆ శాఖ మూడు నెలల నివేదికలు అందులోనే ఉన్నాయి. తిట్లు తిన్నది మాత్రం ఆయనే. చిట్కా రాసినవారు ఆ తర్వాత గ్రూపులో ఒక్క మాటా రాయలేదు.

ఇక్కడ ఆగి, రెండు వారాల పాటు ఏమీ నేర్పకుండా, రెండు శాఖల్లో కౌంటరు పక్కన కూర్చొని ఎవరు ఎవరిని ఏమి అడుగుతున్నారో రాసుకున్నాను. ఈ పని మొదటి రోజే చేయవలసింది. అందులో తేలింది ఇదీ: అడిగిన ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఆ పదకొండు మందిలో ఎవరికో ఒకరికి తెలుసు. తెలిసినవారు హోదాలో చిన్నవారు, అవసరమున్నవారు పెద్దవారు, మధ్యలో దారి లేదు. కాబట్టి కావలసింది కొత్త జ్ఞానం కాదు. అడిగినవారి పరువు పోకుండా, చెప్పినవారు అతి చేసినట్టు కనిపించకుండా జవాబు ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లగలిగే సాధనం.

కార్డు

ఆ సాధనాన్ని నేను కనిపెట్టలేదు. ఒక మధ్యాహ్నం, రెండు పూటల మధ్య విరామంలో, పీడీఎఫ్‌కు సంబంధించిన ఒక విషయం రాసుకోవడానికి కాగితం అడిగితే, ఐఎస్‌బీఎన్‌లు పోగొట్టుకున్న ఆ గ్రంథపాలకుడే మూలనున్న చెక్క కేటలాగు సొరుగు లాగి, అందులోంచి ఒక పాత కార్డు తీసి, వెనక్కి తిప్పి ఇచ్చారు. ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తు, పన్నెండున్నర సెంటీమీటర్ల వెడల్పు, కింద కడ్డీ దూర్చే చిల్లు. ఒకవైపు ఎప్పుడో చిరిగిపోయి రద్దయిన పుస్తకం వివరాలు, రెండోవైపు తెల్లగా ఖాళీ. "ఇవి వేలల్ల ఉన్నయి సార్, పారేయ బుద్ధి కాలేదు" అన్నారు.

ఆ కార్డు మీద నా దృష్టి నిలిచింది. కంప్యూటర్ విషయాలను కంప్యూటర్‌లోనే దాచాలన్న పట్టుదల నాకెందుకు? ప్రింటర్ పనిచేయనప్పుడు, నెట్ పోయినప్పుడు, లాగిన్ మరిచినప్పుడు కావలసిన జవాబు ఆ యంత్రంలోనే ఉంటే ఏం లాభం? పైగా కార్డులు అమర్చడం, శీర్షిక పెట్టడం, వెతికి తీయడం ఈ గదిలో అందరికంటే బాగా వచ్చినది ఆ పెద్దాయనకే. కార్డు వాడితే ఆయన నేర్చుకునేవారు మాత్రమే కాదు, సొరుగుకు అధిపతి కూడా అవుతారు. హోదా సమస్యకు ఇది మందు కావచ్చునని అనుకున్నాను. ఈ నిర్ణయం వెనక ఉన్న ప్రధాన కారణం అదే, కార్డు మీద మోజు కాదు.

నలుగురం కూర్చొని కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఒక కార్డుకు ఒకే ప్రశ్న, అదీ అడిగినవారి మాటల్లోనే. దాని కింద చేయవలసిన పని, ఒక్కో వరుసలో ఒక్కో అడుగు. అడుగున ఏ కంప్యూటర్‌లో చేసి చూశారు, ఎవరు చేసి చూశారు, తేదీ. డౌన్‌లోడ్స్ అనుభవం తర్వాత ఏ కంప్యూటర్ అన్న గడి తప్పనిసరి అయింది. అది ఎంత అవసరమో తర్వాత మరోసారి తెలిసింది. విండోస్ మీట, వీ కలిపి నొక్కితే అంతకుముందు కాపీ చేసిన నాలుగైదు విషయాలు వరుసగా కనిపించే సౌకర్యం ఆఫీసు పనిలో ఎంతో ఉపయోగం. అదే సౌకర్యం పాఠకుల కంప్యూటర్‌లో తెరిచి ఉంటే, ఒకరు కాపీ చేసిన ఆధార్ నంబరు తర్వాత కూర్చున్నవారికి కనిపించే ప్రమాదం ఉంది. ఒకే కిటుకు ఒక బల్ల మీద మేలు చేస్తే పక్క బల్ల మీద కీడు చేయవచ్చు.

అన్నిటికంటే వాదన జరిగిన నియమం వేరు. కార్డును తెలిసినవారు రాయకూడదు, అప్పుడే నేర్చుకున్నవారే రాయాలి అన్నాను. సహాయకురాలికి ఇది చాదస్తంగా తోచింది; తాను రెండు నిమిషాల్లో రాసేదాన్ని ఆయన పావుగంట రాస్తారని ఆమె బాధ. కానీ బాగా తెలిసినవారు రాసిన కార్డుల్లో మధ్య అడుగులు మాయమవుతాయి. ఆమె రాసిన ఒక కార్డులో "సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకోండి" అని ఉంది. ఆ సేవ్ యాజ్ ఎక్కడ ఉంటుందో లేదు. అదే విషయం ఆయన రాస్తే "ఎడమ పక్క పైన ఫైల్ అని ఉంటది, దాన్ని ఒక్కసారి నొక్కి చేయి తీయాలె" అని మొదలైంది. ఆ కార్డు పట్టుకొని కొత్తగా వచ్చిన దినసరి ఉద్యోగి ఎవరినీ అడగకుండా పని పూర్తి చేశాడు. దానికి తోడుగా మరో నియమం కూడా వచ్చింది: నేర్పేవారి చేయి మౌస్ మీద పడకూడదు. మౌస్ పట్టుకున్నవారే నేర్చుకుంటారు, చూసినవారు "అర్థమైంది" అంటారు.

శీర్షికల దగ్గర ఆయన పైచేయి కనిపించింది. ఆమె "పీడీఎఫ్ మెర్జ్" అని శీర్షిక పెట్టింది. ఆయన ఒప్పుకోలేదు. కౌంటరుకు వచ్చే పిల్లలు అట్లా అడగరు, "సర్టిఫికెట్లన్నీ ఒక్కటే ఫైలు చేయాలె అక్కా" అంటారు, కాబట్టి కార్డు "సర్టిఫికెట్లు" కింద ఉండాలి, "పీడీఎఫ్" దగ్గర "సర్టిఫికెట్లు చూడుము" అని ఒక సూచన కార్డు ఉండాలి అన్నారు. పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలన్నది 1931లో రంగనాథన్ గ్రంథాలయ శాస్త్రానికి చెప్పిన పంచ సూత్రాల్లో నాలుగోది. ఉద్యోగ పరీక్ష కోసం దాన్ని బట్టీ పట్టినవారు ఎందరో ఉంటారు. దాన్ని కంప్యూటర్ చిట్కాల సొరుగుకు వర్తింపజేయడం నేను అక్కడే చూశాను.

వెతకడం గురించి ఒక సాయంత్రం

కార్డులు మొదలై రెండు నెలలైన తర్వాత జరిగిన ఒక సంఘటనను కొంచెం వివరంగా రాయాలి. గ్రూప్స్‌కు చదివే ఒక యువకుడు సురవరం ప్రతాపరెడ్డి పుస్తకాలు ఏమున్నాయని అడిగాడు. ప్రతాపరెడ్డి పాలమూరు ప్రాంతంవాడు, తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దక్కిన రచయిత; ఈ జిల్లాల గ్రంథాలయాల్లో ఆయన పుస్తకాలు లేకపోవడం జరగదు. కార్డుల పని మీద ఆ శాఖకు వచ్చిన సహాయకురాలు జాబితా తెరిచి, కంట్రోల్, ఎఫ్ నొక్కి, పేరు టైపు చేసింది. ఒక్క పుస్తకం వచ్చింది. గ్రంథపాలకుడు తల అడ్డంగా ఊపి, లేచి బీరువా దగ్గరికి వెళ్లి ఇంకో మూడు తెచ్చి బల్ల మీద పెట్టారు.

వెనకటి రోజుల్లో అయితే కథ అక్కడ ముగిసేది, పెద్దాయనకు అన్నీ నోటికి తెలుసని. ఈసారి ఇద్దరూ జాబితా ముందు కూర్చున్నారు. ఒక పుస్తకం దగ్గర "ప్రతాప రెడ్డి" అని విడగొట్టి ఉంది. ఒకదాని దగ్గర "ఎస్. ప్రతాపరెడ్డి" అని ఉంది, కాబట్టి ఇంటిపేరుతో కలిపి వెతికితే రాదు. మూడోది వెతుకులాటలో దొరికినదే; దానిలో పేరు చివర కంటికి కనిపించని ఖాళీ ఒకటి ఉంది, అది ఈ వెతుకులాటకు అడ్డు కాకపోయినా పేర్లు అక్షరక్రమంలో పేర్చినప్పుడు గజిబిజి చేస్తున్నది. నాలుగోది అసలు తెలుగులోనే లేదు: ఎప్పుడో డీటీపీ దుకాణంలో అను ఫాంటులో కొట్టించిన పాత జాబితా నుంచి అతికించినది కావడంతో, ఆ ఫాంటు లేని ఈ కంప్యూటర్‌లో అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలుగా పడి ఉంది. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ దానిదైన సంకేత సంఖ్య ఉంటుంది. పాత ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరానికే తెలుగు బొమ్మ తొడుగుతారు, తొడుగు తీస్తే లోపలిది బయటపడుతుంది. ఈ తేడాను నేను శిక్షణలో రెండు స్లైడ్లలో చెప్పాను, ఎవరికీ పట్టలేదు. ఆ సాయంత్రం ఆ నాలుగో పుస్తకం ముందు ఒక్క వాక్యంలో పట్టింది.

సహాయకురాలు దీనికి ఇంకొకటి చేర్చింది. "రాజ్‌కుమార్" లాంటి పేర్లలో పొల్లు నిలవడానికి మధ్యలో ఒక అదృశ్య గుర్తు పడుతుందని, కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవని, కొన్ని చోట్ల వెతుకులాట ఈ రెండు రూపాలనూ వేరు వేరు మాటలుగా చూస్తుందని ఆమె గమనించింది. అటువంటప్పుడు పేరు మొత్తం కొట్టకుండా గుర్తు రాని ముక్కను మాత్రమే, అంటే "కుమార్" అని కొడితే పని అవుతుంది. గ్రంథపాలకుడికి ఇదంతా కొత్త కాదు, కొత్త వేషంలో వచ్చిన పాత సంగతి. ఒక రచయిత పేరును ఒకే రూపంలో నిలపాలని, మిగతా రూపాల నుంచి "చూడుము" వేయాలని ఆయన ముప్పై ఏళ్లుగా కార్డుల మీద చేస్తున్నారు. కంప్యూటర్ వచ్చాక అది అక్కర్లేదని ఎవరో చెప్పారట, ఆయన నమ్మారట.

ఆ సాయంత్రం మూడు కార్డులు పుట్టాయి, రెండు ఆయన రాసినవి, ఒకటి ఆమె రాసినది. నా దృష్టిలో ఈ కేసు మలుపు తిరిగింది అప్పుడే. చిన్నవారు పెద్దవారికి నేర్పడం ఒక్కటే జరిగి ఉంటే నాలుగు రోజులు మొహమాటంగా సాగి ఆగిపోయేది. జవాబులో సగం ఒకరి దగ్గర, సగం మరొకరి దగ్గర ఉందని ఇద్దరికీ ఒకేసారి కనిపించింది.

ఆరు శాఖలకు

మిగతా శాఖలకు కార్డులను ఫొటో తీసి పంపితే చాలదా అన్న ప్రశ్న వచ్చింది. వద్దనుకున్నాం. నెల లెక్కలకు జిల్లా కేంద్రానికి వచ్చేటప్పుడు ప్రతివారూ తమ కొత్త కార్డులు తేవాలి, ఇతరులవి తమకు కావలసినంత మేరకు చేత్తో రాసుకోవాలి, తమ కంప్యూటర్‌లో చేసి చూసిన తర్వాతే తేదీ వేసి సొరుగులో పెట్టాలి. పని రెట్టింపు అవుతుందని తెలిసే ఇట్లా పెట్టాం, ఎందుకంటే డౌన్‌లోడ్స్ దెబ్బకు కారణం చదివినది చదివినట్టే చేయడం. చేసి చూడనిదాన్ని సొరుగులో పెట్టనివ్వకపోతే తప్పు ఒక శాఖతో ఆగుతుంది. వాట్సాప్ గ్రూపును రద్దు చేయలేదు. "ఫలానా కార్డు వచ్చింది" అన్న ఒక్క వరుసకే పరిమితం చేశాం.

బాగా తిరిగిన కార్డుల్లో ఈ-ఆధార్ (నెట్ నుంచి దించుకునే ఆధార్ పీడీఎఫ్) పాస్‌వర్డ్ కార్డు ఒకటి. పేరులోని మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లిష్ పెద్దబడిలో (క్యాపిటల్ అక్షరాల్లో), వెంటనే పుట్టిన సంవత్సరం. ఇది అందరూ చెబుతారు. కానీ మన వైపు ఇంటిపేరు పొడి అక్షరం ముందు రాయించుకున్నవారు చాలామంది. వారికి ఆ చుక్క కూడా నాలుగింటిలో ఒకటిగా లెక్కకు వస్తుందన్న వరుసను అటెండర్ చేర్చారు, డౌన్‌లోడ్స్ విషయంలో తిట్లు తిన్న ఆయనే. తన పేరుతో కార్డు ఆరు శాఖల్లో ఉందని ఆయన నాకు రెండుసార్లు చెప్పారు.

పాఠకుల డబ్బు, ఓటీపీలకు సంబంధించిన విషయాల్లో మాత్రం మేము తడబడ్డాం. ముంబయిలో కూలి పని చేసి వచ్చిన ఒక పెద్దమనిషి ఫోన్ చేతిలో పెట్టి, డబ్బులు వేస్తామని ఎవరో క్యూఆర్ బొమ్మ పంపారు, స్కాన్ చేసి ఇయ్యమని, పిన్ కూడా పైకి చదివి చెప్పాడు. సహాయకురాలు ఆపింది: డబ్బు రావడానికి పిన్ కొట్టనవసరం లేదు, పిన్ అడిగిందంటే పోతున్నట్టే అని. ఆయన డబ్బు నిలిచింది. కానీ ఆయన ఫోన్, ఆయన పిన్ ఆమెకు తెలిసిపోయిన ఆ రెండు నిమిషాల్లో ఇంకెక్కడైనా తేడా వచ్చి ఉంటే నింద ఎవరి మీద పడేది? అప్పటి నుంచి ఎర్ర సిరా కార్డులు వచ్చాయి. వాటిలో ఎట్లా చేయాలో ఉండదు, మనం ఏమి చేయమో ఉంటుంది: పాఠకుడి ఫోన్ చేతిలోకి తీసుకోము, పిన్, ఓటీపీ వినము, పాఠకుడి పాస్‌వర్డ్‌ను బ్రౌజర్‌లో దాచము. మోసం అప్పటికే జరిగిపోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించాలన్నది ఒక్కటే అందులో చేయవలసిన పని. ఈ కార్డులు మొదటి రోజు నుంచే ఉండవలసింది.

కార్డులు పాతబడటం మరో చిక్కు. వెబ్‌సైట్ల పేజీలు మారుతాయి, మెనూలు జరుగుతాయి. ఆరు నెలలుగా ఎవరూ చేసి చూడని కార్డును తలకిందులుగా నిలబెట్టాలని, తర్వాత కూడా ఎవరూ తీయకపోతే తొలగించాలని గ్రంథపాలకుడు పద్ధతి పెట్టారు. పాత పుస్తకాలను ఏరివేసేటప్పుడు ఆయనకు ఎప్పుడూ చేయి రాదు. కార్డుల విషయంలో మాత్రం నిర్దయగా ఉన్నారు.

ఫలితం, నా లెక్కలో మిగిలినవి

పోయిన ఐఎస్‌బీఎన్‌లను మళ్లీ పుస్తకాలు తీసి కొట్టవలసి వచ్చింది. దానికి అడ్డదారి లేదు. ఈసారి వరుస ముందే టెక్స్ట్‌గా ఉంది. సహాయకురాలు ఒక తనిఖీ సూత్రం కూడా రాసింది: పదమూడు అంకెలను వరుసగా 1, 3, 1, 3 చొప్పున హెచ్చించి కూడితే మొత్తం పదితో నిశ్శేషంగా భాగించబడాలి, లేకపోతే ఎక్కడో అంకె తప్పింది. 2007కు ముందువి పది అంకెలవి కాబట్టి వాటిని వేరు చేసి, అసలు సంఖ్యే లేని పాత తెలుగు పుస్తకాల గడులను ఖాళీగా వదిలారు. ఈ పనిలో గ్రంథపాలకుడు పుస్తకం చూసి చదివితే ఆమె కొట్టింది, మధ్యలో స్థానాలు మార్చుకున్నారు.

ఫలితాన్ని నేను కార్డుల సంఖ్యతో కొలవలేదు. కొలిచి ఉంటే అందరూ కార్డులు నింపేవారు. "జవాబు ఇవ్వలేక పంపించినవి" అని కౌంటరు దగ్గర ఒక కాగితం మీద అడ్డగీతలు పెట్టించాను. నాలుగు శాఖల్లో ఆ గీతలు నెలనెలా తగ్గాయి. మిగిలిన రెండు శాఖల్లో సొరుగు మూతపడింది. ఆ రెండూ ఒక్కరే పనిచేసే శాఖలు. కార్డును ఒకరు రాసి మరొకరు చేసి చూడాలన్న నా నియమం అక్కడ మొదటి నుంచే కుదరదు, అది నాకు తట్టలేదు. తర్వాత ఒక శాఖలో రోజూ వచ్చే ఇద్దరు అభ్యర్థులను పరీక్షించేవారిగా పెట్టుకున్నారు. సొరుగు మళ్లీ కదిలింది. పాఠకులకు ఆఫీసు విషయాలు తెలియడం మంచిదా కాదా అని కొందరు అడిగారు. ఎర్ర కార్డులు, ఆఫీసు కంప్యూటర్ కార్డులు వేరే సొరుగులో ఉన్నంత వరకు నాకు అభ్యంతరం కనిపించలేదు. రెండో శాఖలో అట్లాంటి పాఠకులు లేరు, అక్కడ ఇప్పటికీ ఏమీ జరగడం లేదు.

మళ్లీ చేయవలసి వస్తే శిక్షణతో మొదలుపెట్టను. కౌంటరు పక్కన రెండు వారాలు కూర్చోవడంతో మొదలుపెడతాను. పై అధికారులను గ్రూపులో చేర్చవద్దని రాతపూర్వకంగానే ముందుగా అడుగుతాను. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో కార్డులను బోర్డు మీద ప్రదర్శించాలన్న ప్రతిపాదనకు ఒప్పుకోను. ఆ సంవత్సరం ఒప్పుకున్నాను, ప్రదర్శన కోసం అక్షరాలు దిద్ది కొత్తగా రాసిన కార్డుల్లో అడుగులు తగ్గి అలంకారం పెరిగింది, వారోత్సవాల తర్వాత వాటిని తీసి పాతవి పెట్టడానికి ఒక నెల పట్టింది.

సహాయకురాలికి వేరే ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. సొరుగు నడుస్తున్నది. ఇప్పుడు దాని ముందు వరుసలో ప్రశ్న మాత్రమే రాసి జవాబు చోట ఖాళీగా వదిలిన కార్డులు ఉంటాయి; ఈ పద్ధతి గ్రంథపాలకుడు పెట్టినది, అడిగినవారి పేరు దాని మీద రాయరు. పోయిన నెల నేను చూసినప్పుడు అట్లాంటివి ఏడున్నాయి. వాటిలో మూడింటి చేతిరాత ఆయనదే.